మిగిలిన సారం ఎవరి ఖాతాలో? కౌలు సేద్యం, నేల ఆరోగ్యం, వ్యవసాయ విశ్వవిద్యాలయ బాధ్యత

వరి సాగుకు మనం ఇచ్చే సిఫారసులలో ఒక వాక్యం ఏళ్ల తరబడి పెద్దగా మారకుండా వస్తున్నది. జింకు లోపం కనిపించే నేలలలో ప్రతి మూడు పంటలకు ఒకసారి, ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటును ఆఖరి దమ్ములో వేయాలని అందులో చెబుతాం. శాస్త్రరీత్యా ఈ వాక్యంలో దోషం లేదు. నేలలో వేసిన జింకు ఒక్క పంటతో హరించిపోదు. దాని అవశేష ప్రభావం తరువాతి పంటలకూ అందుతుంది కనుకనే ఏటా కొనవలసిన ఖర్చు రైతుకు తప్పుతున్నది. అయితే ఈ సిఫారసు, పైకి అనకుండానే, ఒక విషయాన్ని నిజమని భావిస్తున్నది. మూడు పంటల కాలమంతా ఆ మడిని దున్నేవాడు ఒక్కడేనని దాని భావన.

కృష్ణా, గోదావరి డెల్టాలలో ఈ భావన ఎంతవరకు నిలుస్తుందో క్షేత్రానికి వెళ్లే శాస్త్రవేత్తలందరికీ తెలుసు. ఈ ఏడు దున్నినవాడు వచ్చే ఏడు అదే పొలంలో ఉంటాడన్న భరోసా కౌలుదారుకు లేదు. మూడు పంటలకు పనికివచ్చే జింకును మొదటి పంటలోనే తన సొమ్ముతో కొని వేసినవాడు, రెండవ పంట నాటికి పక్క గ్రామంలో మరొక పొలం వెతుక్కుంటూ ఉండవచ్చు. అతడు జింకు వేయకపోతే మనం దానిని ‘సాంకేతిక పరిజ్ఞాన లోపం’ అని నివేదికలో రాస్తాం, అవగాహన సదస్సు ఏర్పాటు చేస్తాం. అతని లెక్క మన లెక్క కంటే సరైనదేమో అన్న అనుమానం మనకు రాదు.

విశ్వవిద్యాలయాల సామాజిక బాధ్యతను గురించి ఈ మధ్య తరచుగా వినిపించే మాటలు మూడు: సమ్మిళితత్వం, సుస్థిరత, సమాజ శ్రేయస్సు. వార్షిక నివేదికలలో వీటికి విడివిడి అధ్యాయాలు ఉంటాయి. షెడ్యూల్డు కులాల, తెగల రైతులకు ఇచ్చిన శిక్షణలు మొదటి దానిలోకి, నీటి పొదుపు, సేంద్రియ ఎరువులు రెండవ దానిలోకి, వైద్య శిబిరాలు, మొక్కలు నాటే కార్యక్రమాలు మూడవ దానిలోకి చేరతాయి. ఈ కార్యక్రమాల విలువను నేను తక్కువ చేయడం లేదు. కాని వ్యవసాయ విశ్వవిద్యాలయానికి సంబంధించినంతవరకు ఈ మూడూ ఒకే ప్రశ్నలో ఇమిడి ఉన్నాయని నా అభిప్రాయం. ఈ నేలను ఎవరు సాగుచేస్తున్నారు, ఎంతకాలం సాగుచేయగలరు అన్నదే ఆ ప్రశ్న. మన ప్రయోగ ఫలితాల పట్టికలో ఆ ప్రశ్నకు గడి లేదు.

చట్టం వైపు నుంచి ఈ విషయం చాలాకాలంగా నలుగుతూనే ఉన్నది. ఆంధ్ర ప్రాంతంలో 1956 నాటి కౌలుదారీ చట్టం కౌలుకు కనీస కాలపరిమితిని నిర్దేశించి కౌలుదారుకు భద్రత కల్పించబోయింది. భద్రత కాగితం మీద పెరిగిన కొద్దీ, ఆ కాగితమే లేకుండా పోయింది. భూమి చేజారుతుందన్న భయంతో యజమానులు నోటి మాట మీద మాత్రమే కౌలుకు ఇచ్చారు. తెలంగాణ ప్రాంతంలో 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులను సృష్టించింది గాని, తరువాతి తరాల కౌలుదారులు దాని నీడలోకి రాలేదు. 2011లో ఉమ్మడి రాష్ట్రం రుణ అర్హత కార్డులను, 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కు పత్రాలను తెచ్చాయి. ఈ రెండవ దానికి యజమాని సమ్మతి కావాలి, దాని గడువు 11 నెలలు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారు పేరిటే నడిచింది. ఈ చట్టాల మంచిచెడ్డలను తేల్చడం సస్యశాస్త్రజ్ఞుని పని కాదు. కాని 11 నెలల గడువున్న సాగుదారుకు మూడు పంటల సిఫారసు ఇవ్వడంలోని అసంగతం మాత్రం కచ్చితంగా సస్యశాస్త్రానికి చెందిన విషయం.

మన పట్టికల వద్దకు వద్దాం. స్నాతకోత్తర సిద్ధాంత గ్రంథాలలోను, ఈ పత్రికలో అచ్చయ్యే వ్యాసాలలోను దిగుబడి లక్షణాల తరువాత ఆర్థిక విశ్లేషణ వస్తుంది. సాగు ఖర్చు, స్థూల ఆదాయం, నికర ఆదాయం, రూపాయి పెట్టుబడికి రాబడి అందులోని అంశాలు. సాగు ఖర్చులో విత్తనం, ఎరువులు, పురుగుమందులు, కూలీ, యంత్రాల అద్దె ఉంటాయి. భూమి కౌలు సాధారణంగా ఉండదు. వ్యవసాయ వ్యయాలు, ధరల కమిషన్ తన లెక్కలలో ఈ తేడాను ఎప్పుడో గుర్తించింది. చేతి నుంచి పెట్టిన ఖర్చును ఎ1గా, దానికి కౌలుదారు చెల్లించిన కౌలును కలిపి ఎ2గా, సొంత భూమికి సైతం కౌలు విలువ కట్టి సి2గా వేరువేరుగా చూపుతుంది. ధరలను ప్రభుత్వానికి సూచించే సంస్థ పాటించే ఈ విచక్షణను, సిఫారసు చేసే మనం పాటించడం లేదు.

ఇది ఎంత తేడా తెస్తుందో ఒక ఊహాత్మకమైన లెక్కతో చూద్దాం. అంకెలు ఉదాహరణకు మాత్రమే. ఎకరాకు 75 కిలోల బస్తాలు 30 పండాయనుకుందాం, అంటే 22.5 క్వింటాళ్లు. క్వింటాలుకు 2,300 రూపాయల చొప్పున స్థూల ఆదాయం 51,750 రూపాయలు. సాగు ఖర్చు 32,000 అనుకుంటే నికర ఆదాయం 19,750. రూపాయికి రూపాయి అరవై పైసలకు పైగా తిరిగివచ్చినట్లు మన పట్టికలో కనిపిస్తుంది, సిఫారసుకు అర్హత లభిస్తుంది. ఇదే పొలానికి 12 బస్తాల కౌలు ఉన్నదనుకుందాం. దాని విలువ 20,700 రూపాయలు. కౌలుదారుకు మిగిలేది ఏమీ లేకపోగా 950 రూపాయలు చేతి నుంచి పోతాయి. పెట్టుబడిలో 25,000 రూపాయలు నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఆరు నెలలపాటు తెచ్చాడనుకుంటే మరో 3,000 పోతాయి. సకాలంలో చెల్లించే పట్టాదారుకు అదే పంట రుణం బ్యాంకులో ఏడాదికి 4 శాతానికే దొరుకుతుంది. ఒకే మడి, ఒకే రకం, ఒకే యాజమాన్య పద్ధతి. ఒకరికి లాభసాటి సేద్యం, మరొకరికి అప్పు.

ఇక్కడ ఆర్థికశాస్త్రం తెలిసిన మిత్రులు ఒక ఆక్షేపణ చెబుతారు, అది న్యాయమైనదే. కౌలు స్థిరమైనదైతే, అదనంగా పెట్టే ఖర్చు మీద వచ్చే అదనపు లాభం యజమానికీ కౌలుదారుకూ సమానమే కదా అని. 2,000 రూపాయలు ఖర్చుపెట్టి రెండు బస్తాలు ఎక్కువ పండిస్తే 3,450 రూపాయలు వస్తాయి, మిగిలే 1,450 ఎవరు సాగుచేసినా ఒకటే. నిజమే. కాని ఇది ఆ ఒక్క పంటలోనే ఫలితమిచ్చే పద్ధతులకు మాత్రమే వర్తిస్తుంది. పాలు పద్ధతిలో, ఖర్చంతా సాగుదారుది, పంటలో సగం యజమానిది అయిన చోట, అదే 2,000 ఖర్చుకు కౌలుదారుకు దక్కేది 1,725 మాత్రమే. మన ‘లాభదాయకమైన’ సిఫారసు అతనికి 275 రూపాయల నష్టం. స్థిర కౌలులోనైనా పంట పోయినప్పుడు కౌలు ఆగదు. అందువల్ల అతనికి సగటు దిగుబడి కంటే, చెడ్డ ఏడాదిలో ఎంత తగ్గుతుందన్నదే ముఖ్యం. మనం మూడేళ్ల సగటును ప్రచురిస్తాం. ఆ మూడింటిలో అతి తక్కువ దిగుబడి వచ్చిన ఏడాది సంగతి అనుబంధంలో ఉంటే ఉన్నట్లు.

అసలు చిక్కు కాలంతో వస్తుంది. నత్రజనిని పైపాటుగా వేయడం, సకాలంలో కలుపు తీయడం, కంకి దశలో నీరు అందించడం వంటివి ఆ పంటలోనే ఫలిస్తాయి. పశువుల ఎరువు, చెరువు మట్టి, చౌడు నేలకు జిప్సం, గట్ల బాగుచేత, పంట మార్పిడి వంటివి తరువాతి ఏళ్లలో ఫలిస్తాయి. నేల ఆరోగ్యం, సేంద్రియ కర్బనం, సుస్థిర సేద్యం అంటూ మనం ఎక్కువగా చెప్పేదంతా ఈ రెండవ జాబితాలోనిదే. కౌలుదారుకు పనికివచ్చేది మొదటి జాబితా. కనుక సుస్థిరతను గురించి మనం ఎంత గట్టిగా చెబితే అంతగా కౌలుదారును మన శ్రోతల నుంచి దూరం చేస్తున్నామన్న మాట. పచ్చిరొట్ట సంగతే తీసుకోండి. జీలుగ చల్లి 45, 50 రోజుల తరువాత పూత దశలో కలియదున్నాలి. నాట్లు ఆలస్యం కాకూడదంటే తొలకరి జల్లులకే విత్తనం పడాలి. కౌలు ఒప్పందం చాలాచోట్ల ఏరువాక దగ్గరపడితే గాని తేలదు. జీలుగ చల్లవలసిన నాటికి పొలం ఎవరిదో అతనికే తెలియదు. దీనికి విస్తరణ లోపమని పేరు పెట్టడం తప్పు.

మరొకటి, దీనికంటే బాధాకరమైనది. నేల బాగుపడితే కౌలు పెరుగుతుంది. మంచి భూమి ఇచ్చే అదనపు ఫలం భూస్వామికే కౌలు రూపంలో చేరుతుందని రికార్డో 1817లోనే వివరించాడు. దానిని గ్రామంలో ఎవరూ చదవనక్కరలేదు. మూడేళ్లు ఎరువు తోలి, గట్లు వేసి, తుంగ తీసి మడిని దారికి తెచ్చినవాడు, నాలుగవ ఏడు ఆ మడికే రెండు బస్తాలు ఎక్కువ ఇవ్వవలసి వస్తుంది. లేదా ఎక్కువ ఇస్తానన్నవానికి వదులుకోవలసి వస్తుంది. నేలకు మేలు చేసినందుకు జరిమానా విధించే ఏర్పాటు ఇది.

వ్యవసాయ విశ్వవిద్యాలయం చేసిన పనులలో సమ్మిళితత్వానికి తిరుగులేని ఉదాహరణ ఏదంటే, నేను శిక్షణా కార్యక్రమాలను కాక విత్తనాన్ని చూపుతాను. మారుటేరు నుంచి 1982లో వెలువడిన స్వర్ణ, బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి ఎవరినీ పాసుపుస్తకం అడగలేదు. చేతి నుంచి చేతికి, బంధువు నుంచి బంధువుకు సంచులలో ప్రయాణించాయి. స్వర్ణ రాష్ట్రం దాటి ఒడిశా, పశ్చిమ బెంగాల్, బీహారు మీదుగా బంగ్లాదేశ్ వరకు వెళ్లింది. తరువాత దానికి ముంపును తట్టుకొనే సబ్1 జన్యు భాగాన్ని ఒడిశా దేశవాళీ మూలం నుంచి వచ్చిన ఎఫ్ఆర్13ఎ ద్వారా జోడించి, 2009లో మన దేశంలో స్వర్ణ సబ్1గా విడుదల చేశారు. ఒడిశాలో జరిగిన క్షేత్ర అధ్యయనం ఒకటి 2013లో వెలువడింది. ముంపు వచ్చే పల్లపు పొలాలు షెడ్యూల్డు కులాల రైతుల చేతిలో ఎక్కువగా ఉండటం వల్ల ఈ రకం మేలు వారికి ఎక్కువగా అందుతుందని అందులో తేలింది. ప్రజనన శాస్త్రవేత్తలు కులాన్ని దృష్టిలో పెట్టుకొని ఆ జన్యువును ఎంచుకోలేదు. చెడ్డ నేలలో, చెడ్డ ఏడాదిలో పంటను నిలపాలన్న సమస్యను ఎంచుకున్నారు. సమాజంలో వెనుకకు నెట్టబడినవారి చేతికి చెడ్డ నేలే వచ్చి ఉండటం చేత ఫలితం వారికి చేరింది. ఏ సమస్యను పరిశోధనకు తీసుకుంటామన్నదే సమ్మిళితత్వానికి మొదటి మెట్టు అని ఇంతకంటే స్పష్టంగా చెప్పే సందర్భం నాకు కనిపించలేదు.

సస్యశాస్త్రంలోనూ ఇటువంటి వారసత్వం లేకపోలేదు. మన విశ్వవిద్యాలయాల నమూనా అమెరికా భూదాన కళాశాలల నుంచి వచ్చింది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయ నిపుణుల తోడ్పాటు ఉన్నది. ఆ నమూనాకు మూలమైన మొరిల్ చట్టం 1862 నాటిదని మనం పాఠంలో చెబుతాం. నల్లజాతివారికి ప్రవేశం లేని రాష్ట్రాలు వారికోసం వేరే కళాశాలలు నెలకొల్పవలసి వచ్చేలా చేసిన 1890 నాటి రెండవ చట్టం సంగతి అంతగా చెప్పం. అలబామాలోని టస్కిగీలో 1896 నుంచి పనిచేసిన జార్జ్ వాషింగ్టన్ కార్వర్ ఎదుట ఉన్న రైతులలో అత్యధికులు పత్తి పండించే పాలు కౌలుదారులు, భూమి లేనివారు. ఎరువు కొనలేరు. 1905లో నిస్సారమైన నేలల పునరుద్ధరణపై ఆయన వెలువరించిన చిన్న పుస్తకంలో అడవి ఆకు చివికిన మట్టి, బాడవ మట్టి, అలసంద వంటి డబ్బు ఖర్చు లేని, త్వరగా ఫలించే మార్గాలకు పెద్దపీట వేశాడు. 1906లో ప్రయోగశాలను గుర్రపు బండి మీద పెట్టి పొలాలకు పంపారు. కౌలుదారును ఉద్దేశించిన సస్యశాస్త్రం సాధ్యమేనని అక్కడ నిరూపితమైంది. దగ్గరలోనే చూడాలంటే, ఆచార్య రంగా గారు నిడుబ్రోలులో నడిపిన రైతు విద్యాలయం ఉన్నది. రైతుకు తన హక్కుల చదువూ సేద్యపు చదువూ వేరు కావన్న దృష్టి దానిది.

విస్తరణ విషయానికి వస్తే, గ్రామానికి వెళ్లే అధికారులూ పరిశోధకులూ తారురోడ్డు పక్కనే ఆగిపోతారని రాబర్ట్ చాంబర్స్ 1983లో ఎత్తిచూపాడు. రోడ్డు పక్కన ఇల్లు ఎవరిది? భూమి ఉన్నవానిది. చివరి సంవత్సరం విద్యార్థులను గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమం కింద పంపినప్పుడు వారికి ఆతిథేయి రైతును కేటాయిస్తాం. విద్యార్థికి కూర్చోవడానికి చోటు, రాసుకోవడానికి వివరాలు, చూపించడానికి పొలం ఉండాలి కనుక సహజంగా పట్టాదారునే ఎంచుకుంటాం. నాలుగు నెలలు గడిపి వచ్చిన విద్యార్థి తన నివేదికలో సాగు ఖర్చు రాసినప్పుడు కౌలు గడి ఖాళీగానే ఉంటుంది. అదే విద్యార్థి రేపు వ్యవసాయాధికారి అవుతాడు. చిరుసంచుల ప్రయోగాలకూ, ప్రథమ శ్రేణి ప్రదర్శనలకూ ఇదే వర్తిస్తుంది. ప్రదర్శన ఫలకం రెండేళ్లు ఒకేచోట నిలవాలంటే యజమాని పొలమే అనువు. సౌకర్యం కోసం చేసిన ఎంపికే కాలక్రమాన మన జ్ఞానానికి హద్దు అవుతున్నది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు, అందుకే దీనిని సరిదిద్దడం కష్టం. ప్రతి విద్యార్థికి ఒక పట్టాదారును, ఒక కౌలుదారును జతగా కేటాయించి, ఒకే గ్రామంలో ఒకే పంటకు రెండు లెక్కలు రాయమంటే చాలు. అదనపు నిధులు అవసరం లేదు.

స్త్రీల విషయం దీనికి ఆనుకొనే ఉన్నది. 2015–16 వ్యవసాయ గణాంకాల ప్రకారం దేశంలోని కమతాలలో స్త్రీల నిర్వహణలో ఉన్నవి దాదాపు 14 శాతం. గ్రామీణ శ్రామిక స్త్రీలలో వ్యవసాయం మీద ఆధారపడినవారు నూటికి 70 మందికి పైనే. భూమి లేని సాగుదారు అన్న నిర్వచనంలోకి మొదట వచ్చేది స్త్రీయే. నా శాఖకు సంబంధించినది కనుక కలుపు యాజమాన్యాన్ని చెబుతాను. 20, 40 రోజులకు రెండుసార్లు చేతితో కలుపు తీసిన మడిని మనం ప్రమాణంగా పెట్టుకొని, దానితో కలుపుమందులను పోల్చి, ఎన్ని రూపాయలు మిగిలాయో లెక్కకడతాం. మన పట్టికలో మిగిలిన ఆ రూపాయలు గ్రామంలో ఒక స్త్రీ పోగొట్టుకున్న కూలీ. కలుపుమందులు వద్దని నేను అనడం లేదు. అదునుకు కూలీలు దొరకని చోట అవి పంటను కాపాడాయి, వంగి చేసే ఆ చాకిరీ తగ్గడం మేలే. కాని ఏ పద్ధతికి ఎన్ని పనిదినాలు, అందులో స్త్రీలవి ఎన్ని అన్న ఒక వరుసను పట్టికలో చేర్చడానికి ఏ అభ్యంతరమూ ఉండనక్కరలేదు. యంత్రనాట్లు, డ్రమ్‌సీడరు ఏ జిల్లాలో ఎవరి పని తీసుకుంటున్నాయో, బదులుగా ఏ పని కల్పించాలో ఆ వరుస ఉంటేనే తెలుస్తుంది. ఒక మాట ఇక్కడే అనాలి. మన పరిశోధనా క్షేత్రాలలో కుదురుకు రెండు మొక్కల చొప్పున, తాడు పట్టి, దూరం తప్పకుండా నాటేది గ్రామాల నుంచి వచ్చే కూలి స్త్రీలే. మన గణాంక విశ్లేషణలో దోషాంశం తక్కువగా ఉండటానికి వారి చేతి నైపుణ్యం ఒక కారణం. క్షేత్రంలో వారికి నీడ, తాగునీరు, మరుగుదొడ్డి ఉన్నాయా అన్నది సమ్మిళితత్వ అధ్యాయంలో మొదటి పేజీ కావాలి.

ప్రవేశాల గురించి క్లుప్తంగా. రైతుల పిల్లలకు వ్యవసాయ పట్టభద్ర కోర్సులలో ప్రత్యేక కోటా ఉండటం మంచి సంప్రదాయం. కాని దానికి భూమి యాజమాన్యమే గీటురాయి అయితే, ముప్ఫయ్యేళ్లుగా ఇతరుల పొలం దున్నుతున్న తండ్రి రైతు కాకుండా పోతాడు. తెలంగాణలో వ్యవసాయ కూలీల పిల్లలకు ఈ కోటాలో చోటు కల్పించే ప్రయత్నం ఇటీవల జరిగింది. అది నిలబడాలి, సాగుదారు హక్కు పత్రం ఉన్న కుటుంబాలకూ విస్తరించాలి.

ఇదంతా రెవెన్యూ శాఖ పని, విశ్వవిద్యాలయం విజ్ఞానానికి పరిమితం కావాలన్న వాదన నాకు తెలియనిది కాదు. కౌలు గ్రామానికొక తీరుగా ఉంటుంది, దానిని పట్టికలోకి తెస్తే ప్రయోగాల మధ్య పోలిక చెడుతుందన్నది మరింత బలమైన వాదన. దీనికి సులువైన ఉపాయం ఉన్నది. కౌలును ఖర్చులో కలపవద్దు. ప్రతి పద్ధతికి ‘భరించగల కౌలు’ ఎంతో చూపుదాం. పై ఉదాహరణలో నికర ఆదాయం 19,750 రూపాయలను బస్తా ధర 1,725తో భాగిస్తే సుమారు పదకొండున్నర బస్తాలు. వడ్డీ 3,000 తీసివేస్తే పది బస్తాలకు లోపే. ఎకరాకు 12 బస్తాల కౌలున్న గ్రామంలో ఆ పద్ధతి కౌలుదారుకు గిట్టదని, 9 బస్తాలున్న చోట గిట్టుతుందని చదివినవారికి ఎవరి సాయమూ లేకుండా తెలిసిపోతుంది. కౌలు మాట్లాడుకునేటప్పుడు సాగుదారు చేతిలో ఒక అంకె ఉంటుంది. వ్యవసాయ పంచాంగంలో పంటకు ఒక పంక్తి చొప్పున దీనిని వేయవచ్చు.

రెండవ పని కొంత శ్రమతో కూడినది, కాని విజ్ఞానం తప్ప మరెవ్వరూ చేయలేనిది. వెళ్లిపోయే కౌలుదారు నేలలో వదిలిన సారానికి విలువ కట్టడం గురించి నేను చెబుతున్నాను. ఇంగ్లండులో ఈ సమస్య 19వ శతాబ్దంలోనే వచ్చింది. 1875 నాటి వ్యవసాయ కమతాల చట్టం, దానిని తప్పనిసరి చేసిన 1883 చట్టం, పొలం విడిచిపోయే కౌలుదారు వేసిన ఎరువులో మిగిలిన విలువకు పరిహారం ఇవ్వాలన్నాయి. ఎంత మిగిలిందో చెప్పవలసిన భారం శాస్త్రవేత్తల మీద పడింది. రోథామ్‌స్టెడ్‌లో దీర్ఘకాలిక ప్రయోగాలు నడిపిన లాస్, గిల్బర్ట్ అందుకు పట్టికలు తయారుచేశారు. తరువాతి తరంలో హాల్, వోల్కర్ వాటిని సవరించారు. సస్యశాస్త్ర చరిత్రలో మనం గౌరవంతో తలచుకునే ఆ ప్రయోగశాల, కౌలు తగవు తీర్చడానికి లెక్కలు ఇచ్చింది. అందువల్ల దాని విజ్ఞానం తక్కువ కాలేదు.

మన వద్ద ఆ లెక్కలకు కావలసిన ముడిసరుకు చాలావరకు ఉన్నది. జగిత్యాలలో వరి తరువాత వరి మీద నడుస్తున్న దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగం, అనంతపురం మెట్ట నేలలలో వేరుశనగ మీద నడుస్తున్న దీర్ఘకాలిక ప్రయోగం, ఇతర కేంద్రాలలోని అవశేష ప్రభావ పరిశీలనలు ఏళ్ల తరబడి దత్తాంశాన్ని కూడబెట్టాయి. వాటి నుంచి పశువుల ఎరువు, జింకు సల్ఫేటు, జిప్సం, చెరువు మట్టి వంటి వాటికి మొదటి పంట తరువాత, రెండవ పంట తరువాత ఎంత విలువ మిగులుతుందో నేల రకాన్ని బట్టి అంచనా వేయవచ్చు. కౌలు మొదలైనప్పుడు ఒక మట్టి నమూనా, ముగిసినప్పుడు మరొకటి తీసి, ఆ రెండు పరీక్షల ఫలితం సాగుదారు పేరిట ఇవ్వవచ్చు. భూసార పరీక్షా పత్రం ప్రస్తుతం భూమికి చెందినది. దానిపై సాగుదారు పేరూ, తేదీలూ ఉంటే అది అతని శ్రమకు సాక్ష్యపత్రం కూడా అవుతుంది. చట్టం లేకపోయినా, అచ్చులో ఒక ప్రామాణిక పట్టిక ఉంటే గ్రామంలో పెద్దమనుషుల ఎదుట మాట్లాడుకోవడానికి ఆధారం దొరుకుతుంది. యజమానికీ ఇందులో నష్టం లేదు. మూడేళ్లకు ఒప్పందం రాసుకుంటే తన నేల ఎంత బాగుపడుతుందో అతనికీ లెక్కలో కనిపిస్తుంది. భూమి హక్కుకు భంగం లేకుండా కాలపరిమితితో కౌలును గుర్తించే నమూనా చట్టాన్ని 2016లో నీతి ఆయోగ్ రూపొందించింది కూడా.

కౌలు గ్రామాలలో కనిపించే ప్రతి కష్టానికీ ఇది మందు కాదు. కౌలు ధరలను విశ్వవిద్యాలయం తగ్గించలేదు, వడ్డీ వ్యాపారిని మరిపించలేదు. చేయగలిగినది మాత్రం స్పష్టంగానే ఉన్నది. రానున్న ప్రాంతీయ పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశాలలో ఖరీఫ్ ప్రయోగాల కార్యక్రమం ఖరారయ్యేటప్పుడు, ఆర్థిక విశ్లేషణ నమూనాలో భరించగల కౌలుకు ఒక నిలువు గడి, స్త్రీల పనిదినాలకు మరొకటి చేర్చాలని ప్రతిపాదిస్తున్నాను. అవశేష విలువల పట్టికను డెల్టాలో జింకు సల్ఫేటుతోను, చౌడు నేలలలో జిప్సంతోను, మెట్ట ప్రాంతంలో చెరువు మట్టితోను మొదలుపెట్టవచ్చు. ఈ మూడింటికి దత్తాంశం ఏ ఏ కేంద్రాలలో ఉన్నదో, ఎన్ని పంటలకు ఉన్నదో తెలిసిన సహోద్యోగులు ఈ పత్రిక ద్వారా తెలియజేస్తే, తొలి పట్టిక ముసాయిదా సిద్ధం చేసే పనిని మా విభాగం తీసుకుంటుంది.